డేనియల్ విద్యుద్ఘటము

1800వ సంవత్సరమున ఇటలీ దేశీయుడగు వోల్టా రాగి బిళ్ళలను, తుత్తునాగపు బిళ్ళలను, ఉప్పునీట తడిపిన అట్టముక్కలను వరుసగా పేర్చి విద్యుత్తును పుట్టించెను. లోకమెల్ల అబ్బురపడెను. కాని ఆ విద్యుత్తు మొదట బలముగా నుండి, కొలదిసేపటిలోనే క్షీణించెడిది. ఒకమారు కొలిచిన విలువ మరల కొలుచునప్పటికి మారిపోయెడిది. నిలకడలేని విద్యుత్తుతో ప్రయోగములు చేయుట శాస్త్రజ్ఞులకు ప్రయాసమయ్యెను.

ఈ చిక్కును విడదీసినవారిలో ముఖ్యుడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్. అతడు 1790వ సంవత్సరము మార్చి 12వ తేదీన లండను నగరమున జన్మించెను. యౌవనమున బంధువుల చక్కెర కర్మాగారమున పనిచేసెను. కొలతలయం దతనికి మక్కువ మెండు. 1820లో గాలిలోని తేమను కొలుచు సాధనమును నిర్మించెను. 1831లో లండను కింగ్స్ కళాశాలలో మొట్టమొదటి రసాయనశాస్త్రాచార్యుడయ్యెను.

ఘటము బలహీనమగుటకు కారణమేమి? ఆమ్లమునుండి వెలువడు ఉదజని బుడగలు రాగిని కప్పివేసి, ప్రవాహమున కడ్డుపడుచున్నవి. బుడగలను తుడిచివేసినచో మరల పుట్టును. కావున అవి పుట్టకుండ చేయుటయే మేలని డేనియల్ తలచెను.

అతడొక రాగిపాత్రలో మైలుతుత్తపు ద్రావణమును నింపెను. దాని నడుమ ఎద్దు అన్నవాహికతో చేసిన గొట్టమునుంచి, అందులో పలుచని గంధకికామ్లమును పోసి, పాదరసము పూసిన తుత్తునాగపు కడ్డీని నిలిపెను. ఎద్దు అన్నవాహిక యని నవ్వవలదు! ఆ పొర రెండు ద్రవములను త్వరగా కలియనీయదు. విద్యుత్తును మాత్రము పోనిచ్చును. తరువాతి కాలమున దానికి మారుగా సన్నని రంధ్రములుగల మట్టిపాత్ర వాడుకలోనికి వచ్చెను.

ఇప్పుడు రాగిపై ఉదజనికి బదులు ద్రావణములోని రాగియే పేరుకొనును. రాగిపై రాగి చేరినను ఉపరితలము మారదు గదా! ద్రావణము పలుచబడకుండుటకై పైభాగమున చిల్లుల పళ్ళెమునందు మైలుతుత్తపు పలుకులనుంచెను. ఆ ఘటము గంటల తరబడి ఇంచుమించు 1.1 వోల్టుల పీడనమును నిలకడగా నిచ్చెను.

1836లో డేనియల్ ఈ సంగతిని తన మిత్రుడగు ఫారడేకు వ్రాసిన లేఖలలో వివరించెను. మరుసటి యేట రాయల్ సొసైటీవారు అతనికి కోప్లీ పతకమొసగిరి. అనంతరము తంతివార్తల కార్యాలయములలో ఇట్టి ఘటములు బారులు తీరెను. విద్యుత్పీడనమునకు ప్రమాణమును నిర్ణయించినప్పుడు, అది డేనియల్ ఘటపు పీడనమునకు దగ్గరగా నుండునట్లు చూచిరి; పేరు మాత్రము వోల్టాది పెట్టిరి.

1845వ సంవత్సరము మార్చి 13వ తేదీన, ఏబదియైదవ జన్మదినము గడచిన మరునాడే, డేనియల్ రాయల్ సొసైటీ సమావేశమున కేగెను. అచ్చటనే హఠాత్తుగా వ్యాధిగ్రస్తుడై ప్రాణములు విడిచెను.