కౌంటీ పాలకుడు హారీ ట్రూమన్

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు యుద్ధములను, సంధులను, పట్టాభిషేకములను విపులముగా వర్ణింతురు. జమాఖర్చులను, టెండర్లను, గుమాస్తాల నియామకములను వర్ణించువారరుదు. ప్రజల సొమ్ము ప్రజలకు చేరుటయు, నడుమనే మాయమగుటయు జరుగునది ఈ కడపటి చోటుననే. దీనినెరిగియే కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున రాజద్రవ్యము నపహరించు మార్గములను నలువదిగా లెక్కించి చూపెను.

హారీ ఎస్. ట్రూమన్ 1945 మొదలు 1953 వరకు అమెరికా సంయుక్తరాష్ట్రముల కధ్యక్షుడుగా నుండెనని మన పాఠకులు చదివియే యుందురు. అతడు అంతకు చాల ముందు ఒక కౌంటీ కచేరిలో కూర్చుండి రోడ్లు, ఆసుపత్రులు, పద్దులు చూచుచు పదియేండ్లు గడపెనను సంగతి అందరికి తెలియదు. సంఘ ద్రవ్యమును చేతబట్టి పనిచేయు మనబోటివారికి అతని యధ్యక్షపదవికంటె ఆ పదియేండ్లే యెక్కువ యుపయుక్తములని తోచుటచే వానినే మేమిందు ముఖ్యముగా వివరింపదలచితిమి.

ట్రూమన్ 1884వ సంవత్సరము మే 8వ తేదీన మిస్సోరి రాష్ట్రమున లామర్ అను గ్రామమున జన్మించెను. తండ్రి జాన్, తల్లి మార్తా. బాల్యముననే చూపు మందగించుటచే అద్దములు ధరించి, ఆటలకు దూరుడై, పుస్తకములకు దగ్గరి వాడయ్యెను. ఇండిపెండెన్సు పట్టణమున 1901లో ఉన్నత పాఠశాల చదువు ముగిసెను. ఆ దినములలోనే తండ్రి ధాన్యపు వ్యాపారమున నష్టపోవుటచే కళాశాలలో చేరుట కవకాశము లేకపోయెను. కొంతకాలము బ్యాంకులో గుమాస్తాపని చేసి, 1906లో గ్రాండ్‌వ్యూ గ్రామమునకు పోయి, తమ పొలమున పదేండ్లకు పైగా వ్యవసాయము చేసెను.

తండ్రి జాన్ వ్యవసాయముతో బాటు ఆ ప్రాంతపు రోడ్ల పర్యవేక్షకుడుగా గూడ పనిచేయుచుండెను. 1914లో రోడ్డున కడ్డముగానున్న పెద్ద బండను తొలగింపబోయి లోపల దెబ్బతగిలి, ఆ బాధ ముదిరి, ఆ యేడే మరణించెను. పిదప కొన్నాళ్లు కుమారుడే యా పనిని నిర్వహించెను. రోడ్డుపనియన నేమో, దానికి మూల్యమేమో యతడు గ్రంథములు చదివి నేర్చినది కాదు.

మొదటి ప్రపంచయుద్ధమున 1918లో ఫ్రాన్సునకు పోయి ఫిరంగిదళమునకు కెప్టెనుగా పనిచేసి పేరు గడించెను. తిరిగివచ్చి 1919లో బెస్ వాలెస్‌ను వివాహమాడి, ఆ యేడే మిత్రునితో గలిసి కాన్సస్ సిటీలో దుస్తుల దుకాణము తెరచెను. ధరలు పడిపోయి 1922లో దుకాణము మూతబడెను. ట్రూమన్ దివాలాకు దరఖాస్తు చేసికొనక, ఆ బాకీలను ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా చెల్లించెను. కౌంటీ కోట్ల డాలర్ల పనులు నడపిన కాలమున గూడ ఈ సొంత యప్పు అతని తలపై నుండెనని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఇక కౌంటీ యన నేమో చెప్పవలెను. అది మన జిల్లా వంటిది. ఆ కాలమున జాక్సన్ కౌంటీని ముగ్గురు సభ్యులు గల మండలి పాలించుచుండెను. దానికి కౌంటీ కోర్టనియు, సభ్యులకు జడ్జీలనియు పేరు. పేరు న్యాయస్థానముది, పని మాత్రము మన పూర్వపు జిల్లా బోర్డుల పనియే. పన్ను విధించుట, బడ్జెటు కూర్చుట, రోడ్లు వేయుట, వృద్ధులకు దరిద్రులకు ఆశ్రయము కల్పించుట, ఉద్యోగులను నియమించుట దాని విధులు. జడ్జీలు ప్రజలచే నెన్నుకొనబడుచుండిరి. న్యాయశాస్త్రము చదివి యుండవలెనను నియమము లేకుండెను.

ఆ కౌంటీలో కాన్సస్ సిటీ నగరము గలదు. ఆ నగర రాజకీయములకు టామ్ పెండర్‌గాస్ట్ అను నాయకుడు సర్వాధికారి. అతని మాటపై వేలకొలది వోట్లు పడుచుండెను. అతడు పేదలకు బొగ్గు, అన్నము పెట్టెను, ఉద్యోగములు వేయించెను, ప్రతిగా వోట్లు, కంట్రాక్టులు గైకొనెను. అతనికి కాంక్రీటు అమ్ము కంపెనీలో వాటా యుండెను. ట్రూమన్‌కు యుద్ధమున పరిచితుడైన జిమ్ అను యువకుడు ఈ కుటుంబమువాడే. ఆ పరిచయము వలన ఆ వర్గమువారు 1922 ఎన్నికలో ట్రూమన్‌ను బలపరచి, తూర్పు భాగమునకు జడ్జీగా గెలిపించిరి. దుకాణము పోయి దిక్కుతోచని వానికి పదవి నిప్పించినది ఈ పోషకులే. ఈ ఋణమును ట్రూమన్ యావజ్జీవము మరువలేదు. దానిని దేనితో తీర్చెను, దేనితో తీర్చ నిరాకరించెను అనునదే యీ చరిత్రమునకు ప్రాణము.

1923లో అధికారము స్వీకరించి, తోడి జడ్జీతో గలిసి ఖర్చులు తగ్గించి, కౌంటీ యప్పును కొంత తీర్చెను. అయినను పార్టీలోని వర్గకలహముల వలనను, కూ క్లక్స్ క్లాన్ అను జాతిద్వేష సంఘము ప్రతికూలించుటవలనను 1924లో ఓడిపోయెను. రెండేండ్లు మోటారు క్లబ్బుకు సభ్యులను చేర్చు పనితో పొట్టపోసికొని, 1926లో అధ్యక్ష జడ్జీగా ఎన్నికై, 1927 జనవరి మొదలు 1934 చివరివరకు ఎనిమిదేండ్లు ఆ పదవి నలంకరించెను.

అప్పటి రోడ్లు పైన పలుచని పొర వేసినవి. మోటారుబండ్ల బరువునకు అప్పము పొరవలె చిట్లిపోవుచు, మరమ్మతులకు ఏటేట సొమ్ము మ్రింగుచుండెను. ట్రూమన్ ఇద్దరు ఇంజనీర్లను నియమించి రోడ్లన్నిటిని పరీక్షింపజేసెను. వారిలో ఒకడు తన డెమోక్రాటిక్ పార్టీవాడు, రెండవవాడు ప్రతిపక్షమైన రిపబ్లికన్ పార్టీవాడు. నివేదిక పక్షపాతము లేనిదని ప్రజలు నమ్మవలెనను తలంపుతో నట్లు చేసెను. వారి సలహాపై సిమెంటు కాంక్రీటు రోడ్లకు 65 లక్షల డాలర్లు, కౌంటీ యాసుపత్రికి 5 లక్షల డాలర్లు బాండ్ల మూలమున అప్పుతెచ్చుటకు ప్రజల యనుమతి కోరెను. మూడింట రెండు వంతుల వోట్లు రానిదే యనుమతి లేదు. సొమ్ము పెండర్‌గాస్ట్ వర్గము పాలగునని జనులు శంకింతురని పెండర్‌గాస్టే హెచ్చరించెను. ట్రూమన్ ఊరూర తిరిగి, పని యెక్కడ జరుగునో, టెండర్లెట్లు పిలువబడునో వివరించెను. 1928 మే నెలలో ప్రజలు కావలసిన దానికంటె నెక్కువ వోట్లతో అనుమతించిరి.

అంతట పరీక్ష ప్రారంభమయ్యెను. టెండర్లు తెరచి, మొదటి కంట్రాక్టులలో నొకదానిని తక్కువ రేటు వేసిన సౌత్ డకోటా రాష్ట్రపు కంపెనీ కిచ్చెను. ఏండ్ల తరబడి వాడుకపడిన స్థానిక కంట్రాక్టర్లు ఆగ్రహించి పెండర్‌గాస్ట్‌ను ఆశ్రయించిరి. అతడు ట్రూమన్‌ను పిలిపించెను. ట్రూమన్ తన మాట మార్చలేదు. పెండర్‌గాస్ట్ ఆ కంట్రాక్టర్లతో వీడు మొండివాడని తాను ముందే చెప్పితినని పలికి వారిని పంపివేసెనట. ఈ వృత్తాంతమును ట్రూమనే పిమ్మట చెప్పెను.

1931లో ప్రజలు మరికొన్ని రోడ్లకును, క్రొత్త కచేరి భవనమునకును మరల బాండ్ల కనుమతించిరి. మొదటి సొమ్ము సక్రమముగా వ్యయమైనదనుటకు ఇంతకు మించిన తార్కాణమేల? మొత్తముమీద 200 మైళ్లకు మించిన కాంక్రీటు రోడ్లు సిద్ధమయ్యెను. ఇందొక రోడ్డు గ్రాండ్‌వ్యూలోని తల్లి పొలము మీదుగా పోయి 11 ఎకరములు హరించెను. ఇతరులకు నష్టపరిహార మిచ్చినను, కుమారుడు జడ్జీ కావున తల్లికి మాత్రము ఏమియు నీయబడలేదు. ఆమె యీ సంగతిని తరచు తలచుచుండెడిదట.

భవననిర్మాణమునందును ఇదే శ్రద్ధ. కచేరి యెట్లుండవలెనో తెలిసికొనుటకు సొంత కారులో సొంత ఖర్చుతో వేలకొలది మైళ్లు తిరిగి పలు రాష్ట్రముల కచేరులు చూచెను. లూసియానా రాష్ట్రమున ష్రీవ్‌పోర్టు నగరములోని భవనము మనసునకు నచ్చగా దాని శిల్పి ఎడ్వర్డ్ నీల్డ్‌ను నియమించెను. ఇండిపెండెన్సులోని పాత కచేరి 1933లో పునరుద్ధరింపబడెను. కాన్సస్ సిటీలోని క్రొత్తది 1934లో పూర్తియయ్యెను.

ఉద్యోగుల విషయము ఇంత సులభముగా సాగలేదు. పార్టీ పంపినవారికి కొలువు లిచ్చుట ఆనాటి ఆచారము. ట్రూమనును అట్లే యిచ్చెను. 1929లో వచ్చిన ఆర్థికమాంద్యము ముదిరినకొలది పన్నులు వసూలుకాక, ఖర్చు తగ్గింపవలసివచ్చెను. కొలువు నిచ్చిన చేతితోనే తీసివేయవలెను; అదే సమయమున కొలువు కోరువారు వాకిట గుంపులు కట్టుచుండిరి. తలనొప్పులతో నిద్రపట్టక, ఎవరికిని చెప్పక కాన్సస్ సిటీలోని పిక్‌విక్ హోటలులో గది తీసికొని ఒంటరిగా కూర్చుండెడివాడు.

ఆ గదిలో నతడు తనకొరకే కొన్ని కాగితములు వ్రాసికొనెను. అవి అతని మరణానంతరము విశేషముగా చర్చింపబడెను. పెండర్‌గాస్ట్ మిత్రుడొకడు కౌంటీ సామాన్యనిధి నుండి సుమారు 10,000 డాలర్లు దొంగిలించుచుండగా తాను చూచి యూరకుంటినని అందు వ్రాసియున్నాడు. తోడి జడ్జీని తృప్తిపరచి, బాండ్ల సొమ్మునుండి పది లక్షలకు మించి పోకుండ కాపాడుటకై యట్లు చేసితినని చెప్పుకొని, ఇది ధర్మమా కాదా యని తన్ను తానే ప్రశ్నించుకొనెను. చరిత్రకారులు కొందరిది వివేకమనిరి; కొందరు దోషమనిరి. సర్వనాశము దాపురించినపుడు సగము విడిచి సగము దక్కించుకొనుట నీతిశాస్త్రజ్ఞులకు సమ్మతమే. కాని విడుచు సగము తనదై యుండవలెను. ఈ 10,000 డాలర్లు రైతులు చెల్లించిన పన్ను. కావున నిది దోషమే యని మా యభిప్రాయము. దోషమును దోషముగా గుర్తించి వేదనపడినవాడు దానిని వాడుకగా మార్చుకొనలేదనుట మాత్రము సత్యము.

1934లో పెండర్‌గాస్ట్ అండతోనే ట్రూమన్ సెనేటునకు ఎన్నికయ్యెను. అచ్చట పలువురతనిని పెండర్‌గాస్ట్ మనిషియని చులకనగా చూచిరి. 1939లో పెండర్‌గాస్ట్ ఆదాయపు పన్ను ఎగవేసిన నేరమునకు చెరసాలకు పోయెను. ఆ సందర్భమున జరిగిన విచారణలలో ట్రూమన్ సొమ్ము తిన్నాడనుట కేమియు దొరకలేదు. దొరకుటకు సొమ్ములేదు! 1940లో గ్రాండ్‌వ్యూ పొలము తాకట్టు బాకీక్రింద కౌంటీవారిచేతనే వేలమునకు వచ్చెను. 87 ఏండ్ల తల్లి తన యిల్లు విడిచి వేరొక చిన్న యింటికి మారవలసివచ్చెను. కోట్ల వ్యయమునకు కర్తయైన వాడు తల్లి పొలమును నిలుపుకొనలేకపోయెను.

ఆ తరువాతి చరిత్రము లోకవిదితము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున 1941 మొదలు సైనిక కంట్రాక్టుల దుర్వ్యయమును విచారించు సెనేటు సంఘమునకు అధ్యక్షుడై, కౌంటీలో నేర్చిన విద్యను దేశమునకు వినియోగించెను. 1945 జనవరిలో ఉపాధ్యక్షుడై, ఏప్రిల్ 12న రూజ్వెల్టు మరణింపగా అధ్యక్షుడయ్యెను. ఆ యేడు ఆగస్టులో జపానుపై అణుబాంబులు వేయుటకు అతని పాలననే నిర్ణయము జరిగెను. దాని ధర్మాధర్మ విచారణ నేటికిని ముగియలేదు. 1948లో సైన్యమున వర్ణభేదమును రద్దుచేయు ఉత్తరువు నిచ్చెను. 1953లో పదవి విడిచి రైలులో ఇండిపెండెన్సుకు చేరెను. మాజీ అధ్యక్షులకు పింఛనిచ్చు చట్టము 1958 వరకు లేదు. 1972 డిసెంబరు 26న 88 ఏండ్ల ప్రాయమున కాలధర్మము నొందెను.

ఒక్క సంగతి మిగిలినది. 1945 జనవరిలో పెండర్‌గాస్ట్ మరణించెను. చెరసాల ననుభవించిన వాని అంత్యక్రియలకు నూతన ఉపాధ్యక్షుడు పోరాదని పలువురు తలంచిరి. ట్రూమన్ విమానమెక్కి పోయెను. పత్రికలు నిందించినను లెక్కింపలేదు. తన్ను పైకి దెచ్చిన పోషకుని ఋణమును అతడు తన పేరుప్రతిష్ఠలు పణముగా బెట్టి తీర్చుకొనెను. ఆ పోషకుని మిత్రులే కౌంటీ రోడ్ల సొమ్మునకు చేయిచాచినపుడు మాత్రము ఇచ్చినది కాదు.

మన సంఘమునందును విద్యార్థి వసతిగృహములు గలవు, వేతననిధులు గలవు, భవనముల పనులు గలవు. దాతలు గలరు, దాతల బంధువులును గలరు. కృతజ్ఞత గొప్ప గుణము. పోషకులను గౌరవింతము, వారి కష్టసుఖములలో పాల్గొందము, అవసరమైన మన సొంత సొత్తు నిత్తము. పేదవిద్యార్థి యన్నమునకు ఉద్దేశించిన రూకను మాత్రము ఆ ఋణముక్రింద జమకట్టకుందము. టెండరు తెరచునపుడు, గుమాస్తాను నియమించునపుడు, సంవత్సరాంతమున లెక్కలు చదువునపుడు జాక్సన్ కౌంటీ జడ్జీని ఒకసారి స్మరింపవలసినదిగా సభ్యులను, పోషకులను సవినయముగా కోరుచున్నాము.