అడిగినవాణ్ణి కసరని పెద్దాయన
మోర్మన్ మత చరిత్రకారుడు బి.హెచ్. రాబర్ట్స్ 1857లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో అక్కతో కలిసి, చాలా దూరం కాలినడకన, అమెరికాలోని యూటా చేరారు. గనుల్లోనూ, కమ్మరి కొలిమిలోనూ పనిచేసి, తర్వాత మతపెద్దల్లో ఒకరయ్యారు.

1921లో ఒక యువకుడి సందేహాలు ఆయన దగ్గరికొచ్చాయి. ప్రాచీన అమెరికాలో గుర్రాలు, ఉక్కు ఉన్నాయని 1830లో వెలువడిన మోర్మన్ గ్రంథం ఎలా చెబుతోంది? రాబర్ట్స్ దాటవేయలేదు. 1922లో తోటి పెద్దల ముందుంచారు. తృప్తినిచ్చే జవాబు దొరకలేదు. 1823 నాటి మరో పుస్తకంతో ఆ గ్రంథానికున్న పోలికలనూ రాసిపెట్టారు. అయినా 1933లో కన్నుమూసేదాకా మతాన్ని వీడలేదు. ఆ రాతలు 1985లో పుస్తకంగా అచ్చయ్యాయి.

తాతల మాటను భద్రంగా దాచుకున్న ఇళ్లు మనవి. పిల్లలు ఎందుకని అడిగితే, వాళ్లతో కూర్చుని మనమూ వెతుకుదాం.