కొబ్బరితోటల అడుగున లావా

మా మామిడికుదురు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా రాయి తగలదు. అంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రే. ఇల్లు కట్టాలన్నా రోడ్డు వెయ్యాలన్నా నల్లకంకర గోదావరి అవతల గౌరీపట్నం లాంటి చోట్ల నుంచి లారీల్లో రావాల్సిందే. కానీ చమురు, గ్యాస్ కోసం కోనసీమలో వేసిన బావులు కొన్ని బాగా లోతుకి దిగాక అలాంటి నల్లరాయే తగిలింది. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకి పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. అవును, మన రాజోలే! సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం, డైనోసార్లు అంతరించిన కాలంలో పారిన దక్కన్ లావా అది. ఆ లావా వయసు గురించి ఏళ్ళ తరబడి వాదించిన ఒక మనిషి గురించి రాద్దామనిపించింది. ఆయన బీర్బల్ సహాని.

1891 నవంబర్ 14న, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న భేరాలో పుట్టారు. తండ్రి రుచిరామ్ సహాని లాహోర్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్. కొడుకు ఐసీఎస్ అవ్వాలని ఆయన కోరిక అంటారు. కొడుకు మనసు మాత్రం మొక్కల మీద ఉంది. చివరికి తండ్రే తగ్గారు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఈ కథ ఇలా ముగియదు కాబట్టి నాకు ఈ ఒక్క విషయానికే ఆయన నాన్నగారంటే గౌరవం కలిగింది.

1911లో కేంబ్రిడ్జ్ వెళ్ళి సీవార్డ్ దగ్గర శిలాజ మొక్కల చదువు మొదలుపెట్టారు. తిరిగొచ్చాక 1921లో లక్నో యూనివర్సిటీలో బోటనీ శాఖకి మొదటి ప్రొఫెసర్ అయ్యారు. చివరిదాకా లక్నోనే ఆయన ఊరు.

ఆయన మొక్కని చూసి భూమి కథ చెప్పేవారు. సింగరేణి బొగ్గుపొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ ఆకులు ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లో కూడా దొరుకుతాయి. ఖండాలు ఒకప్పుడు కలిసుండేవన్న మాటని చాలామంది కొట్టిపారేసే రోజుల్లో సహాని దాన్ని సీరియస్‌గా తీసుకున్నారు. కాశ్మీర్ పాత సరస్సుల మట్టిలోని మొక్కల శిలాజాలు ఇప్పుడు ఎత్తైన కొండవాలుల మీద దొరుకుతుంటే, మనిషి భూమ్మీదకి వచ్చాక కూడా హిమాలయాలు పెరిగాయని 1936లో రాశారు. కుర్రతనం నుంచీ ఆ కొండల్లో కాలినడకన తిరిగిన మనిషి కదా. అదే ఏడాది ఎఫ్ఆర్ఎస్ గౌరవం వచ్చింది.

ఇక లావా సంగతి. దక్కన్ లావా ఒక్కసారిగా పారలేదు. ఒక ప్రవాహానికీ ఇంకోదానికీ మధ్య చెరువులు ఏర్పడ్డాయి, మొక్కలు మొలిచాయి. తర్వాతి లావా వాటిని కప్పేసింది. ఆ మధ్య పొరల్లో సహాని తాటిజాతి చెట్లు, నీటి మొక్కలు గుర్తించారు. అందులో ఒకటి అజొల్లా. మన వరిచేలల్లో వేసే అజొల్లాకి పూర్వీకుల వరస! ఇవన్నీ డైనోసార్ల తర్వాతి కాలపు మొక్కల్లా ఉన్నాయి, కాబట్టి లావా అప్పటిదాకా అనుకున్న క్రెటేషియస్ యుగానిది కాదు, ఆ తర్వాతిది అని ఆయన వాదన. 1930లలో రాజమండ్రి దగ్గర పొరల్లో ఎస్.ఆర్. నారాయణరావు, తోటివాళ్ళు వర్ణించిన సూక్ష్మ శిలాజాలు కూడా ఆ వాదనకే బలమిచ్చాయి.

ఎవరు గెలిచారు? ఎవరూ పూర్తిగా గెలవలేదు. లావా ఆ రెండు యుగాల సరిహద్దుకి ఇటూ అటూ పారింది. సహాని అనుకున్నంత ఆలస్యంగా కాదు, అలాగని మొత్తం సరిహద్దుకి ముందే కూడా కాదు. 2008లో గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి క్వారీల్లో రెండు లావా పొరల మధ్య, మహావినాశనం తర్వాత మొట్టమొదట పుట్టుకొచ్చిన సముద్ర సూక్ష్మజీవుల గుల్లలు చూపించింది. అంటే మన పక్కనున్న రాళ్ళలో ఆ మలుపు దాదాపు అచ్చయి ఉందన్నమాట. ఆకుల్నీ గింజల్నీ నమ్ముకుని, రాయి వయసు కొలిచే ఇప్పటి యంత్రాలేవీ లేకుండా సహాని అంత దగ్గరికి రావడం నాకు చిన్న విషయం అనిపించదు.

తన పుస్తకాలు, శిలాజాలు ఇచ్చేసి లక్నోలో ఒక సంస్థ మొదలుపెట్టారు. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ శంకుస్థాపన చేశారు. శిలాజాలు పొదిగి తయారుచేసిన రాయి అది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 10న, గుండెపోటుతో సహాని పోయారు. వయసు 57. గోడలు ఇంకా లేవలేదు.

ఆ పని భార్య సావిత్రి గారు భుజానికెత్తుకున్నారు. 1953 జనవరిలో కొత్త భవనాన్ని నెహ్రూయే వచ్చి ప్రారంభించారు. ఈ రోజుకీ అది సహాని పేరుతోనే నడుస్తోంది. ఆయన పోయాక రాజస్థాన్ ఎడారిలో దొరికిన ఒక కొబ్బరి శిలాజానికి 1951లో కోకోస్ సహానీ అని పేరు పెట్టారు. ఎడారిలో కొబ్బరి! ఒకప్పుడు అక్కడా తడిగాలి వీచిందని ఆ ఒక్క కాయ సాక్ష్యం చెబుతోంది. కోనసీమవాణ్ణి కాబట్టి, ఆయనకి దక్కిన గౌరవాలన్నిట్లో నాకు బాగా నచ్చింది అదే.