చెరసాల గోడపై సీతారాములు

శ్రీరామనవమి సమీపించినంతనే అనంతగిరి, కోదాడ ప్రాంతముల భక్తజనులు భద్రాచల యాత్రకు సన్నద్ధులగుదురు. కోదాడ నుండి ఖమ్మమునకు పోవు త్రోవలో నేలకొండపల్లి యను ఊరు కలదు. సూర్యాపేట జిల్లాలోని అనంతగిరికి అది పొరుగు సీమ. విరాటరాజు నగరము ఇచ్చటనే యుండెనని, కీచకుడు మడిసిన చోటు ఇదియేనని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకొందురు. అయినను ఆ ఊరికి శాశ్వత కీర్తి తెచ్చినది పురాణకథ కాదు. పదునేడవ శతాబ్దమున అచ్చట జన్మించిన ఒక పరమభక్తుని జీవితము. ఆయనయే కంచెర్ల గోపన్న. లోకము ఆయనను భక్త రామదాసు అని పిలిచినది.

ఆయన కోవెల కట్టించిన సంగతి అందరికిని తెలియును. శ్రీరాముడు ఆయనను విడిపించిన కథయు ఎల్లరకు తెలియును. ఈ రెండింటి నడుమ పండ్రెండు సంవత్సరముల చెరవాసము కలదని పరంపర చెప్పుచున్నది. ఆ చీకటి కొట్టులో ఆ మహనీయుడు మతి చెదరకుండ దినములను ఎట్లు గడపెనను ప్రశ్నను మాత్రము అరుదుగా వేసికొందుము. దుఃఖములో మునిగినవానికి ఉపకరించు పాఠము ఆ నడిమి భాగముననే ఉన్నది.

గోపన్న తండ్రి లింగన్న మంత్రి, తల్లి కామాంబ. వారు ఆత్రేయ గోత్రజులైన నియోగి బ్రాహ్మణులు. తండ్రి పేరును, గోత్రమును, వంశమును గోపన్న తన దాశరథీ శతకమున తానే నిబంధించెను. రఘునాథ భట్టాచార్యుల వలన ఆయనకు శ్రీవైష్ణవ దీక్ష లభించినదని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ కుతుబ్ షా కొలువులో ప్రముఖులైన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. ప్రజలు తానీషాయని పిలుచుకొన్న ఆ ప్రభువు 1672లో సింహాసనమెక్కెను. మేనమామల ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహశీలుదారు పదవి లభించెను. శిస్తు వసూలు చేసి సర్కారు ఖజానాకు చేర్చుట ఆయన పని.

ఆ పరగణాలోనిదే భద్రాచలము. పోకల దమ్మక్క యను భక్తురాలు గోదావరీ తీరమున వెలసిన శ్రీరాముని కనుగొని, ఆకుల పందిరి వేసి, అడవిలో దొరికిన పండ్లను నివేదించుచుండెనని స్థలపురాణము. నాలుగు భుజములతో, శంఖచక్ర ధనుర్బాణములతో, ఎడమతొడపై సీతమ్మను కూర్చుండబెట్టుకొన్న ఆ వైకుంఠరాముని చూచిన గోపన్న హృదయము కరిగినది. ఎండకు ఎండి వానకు తడియుచున్న స్వామికి గుడి కట్టింపవలెనని సంకల్పించెను. ప్రజల విరాళములు చాలలేదు. వసూలైన సర్కారు సొమ్మును గూడ ఆయన ఆలయ నిర్మాణమునకు వెచ్చించెను. అది ఆరులక్షల మొహరీలని జనశ్రుతి.

ఇచ్చట ఒక మాటను మరుగుపరుపరాదు. సంకల్పము ఎంత పవిత్రమైనను, ప్రభువు అనుమతి లేక ప్రభువు సొమ్ము వ్యయమైనది. అందుచేత గోపన్నకు వచ్చిన కష్టము కేవలము దేహబాధ కాదు. మేలు చేయబోయి అపరాధినైతినను చింత, అధికారుల యెదుట తలవంపు, ఏ దైవమునకై ఇంతయు చేసెనో ఆ దైవమే పలుకకున్నాడను వేదన, ఇవన్నియు ఒక్కసారి ఆయనపై బడినవి. గుడి కట్టించిన చేతులకు సంకెలలు పడినవి.

గోలకొండ కోటను దర్శించువారు నేటికిని రామదాసు బందీఖానాను చూచి వత్తురు. మొదట అది సరకులు నిలువచేయుటకు కట్టిన కొట్టు అని చెప్పుదురు. మందమైన రాతిగోడలు, ఎత్తైన కప్పు. పైనున్న రంధ్రము గుండ దిగు వెలుగే ఆధారము. అట్టి చోట మనిషికి శత్రువు చీకటి యొక్కటియే కాదు. చేయుటకు పని లేని మనస్సు జరిగిపోయిన దానిని మరల మరల తవ్వుకొనును. రాబోవు దానిని ఊహించి వణకును. కన్నులు తెరచియున్నను ఎదుటనున్నది కానరాదు. దుఃఖము యొక్క మొదటి దొంగతనము ఇదియే. అది మనిషిని ఉన్నచోటి నుండి ఎత్తుకొనిపోవును.

రామదాసు కీర్తనలను పరిశీలించినచో ఆయనకు కోపము రాలేదని ఎవ్వరును అనజాలరు. ప్రసిద్ధమైన ఒక కీర్తనలో ఆయన స్వామికి లెక్క అప్పగించెను. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, స్వామికి కలికితురాయి. ఒక్కొక్క సొమ్మును పేరుపెట్టి, దాని వెలను చెప్పి, ఎవరి సొమ్మని ఇంత కులుకుచున్నావని నిలదీసెను. స్వామి తండ్రిని, మామను గూడ విడిచిపెట్టలేదు. పిమ్మట అదే కీర్తనలో, దెబ్బల బాధకు తాళలేక తిట్టితినని ఒప్పుకొని, క్షమింపుమని వేడెను.

ఈ కీర్తన నడకను జాగ్రత్తగా గమనింపవలెను. ఆయన కష్టమును ఒక పెద్ద నల్లమబ్బుగా తలపై మోయలేదు. ఒక్కొక్క వస్తువును మనోనేత్రము ముందు నిలిపి దాని రంగును, రూపును, వెలను చూచెను. పతకము తరువాత మొలత్రాడు, మొలత్రాడు తరువాత తురాయి. అట్లు వరుసగా చూచుచు చూచుచు పోగా, తన కోపమునకు మూలమేమో గూడ ఆయనకు కనబడినది. అది స్వామిపై ద్వేషము కాదు, దెబ్బల నొప్పి. కారణము తెలిసిన కోపము సగము దిగిన కోపమే. తక్కిన సగము క్షమాపణతో కరిగినది.

ఇక బందీఖానా గోడల సంగతి. అచ్చట రాతిపై సీతారామలక్ష్మణుల రూపములు, ఆంజనేయుని రూపము చెక్కబడియున్నవి. అవి రామదాసు స్వహస్తములతో మలచినవేయని తరతరముల విశ్వాసము. ఆ విశ్వాసము ననుసరించి ఆ పనిని ఒక్కసారి భావింపుడు. గోడపై మూర్తిని మలచుటకు ముందు గోడను చూడవలెను. ఏ రాయి గరుకు, ఏ రాయి నునుపు అని వ్రేళ్ళతో తడవి తెలిసికొనవలెను. పైనుండి దిగు వెలుగు ఏ వేళకు ఎచ్చట పడునో కనిపెట్టవలెను. భద్రాద్రిలో చూచిన స్వామి ఏ తీరున కూర్చుండెనో, సీతమ్మ చూపు ఎటు వాలియుండెనో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఇంత పని గల కన్నులకు, చేతులకు తీరిక ఎక్కడిది? తనను బంధించిన గోడయే తనకు సన్నిధి యైనది.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున ఇది వింత కాదు. పరము, వ్యూహము, విభవము, అంతర్యామి, అర్చ యని భగవంతునకు ఐదు స్థితులను పూర్వాచార్యులు చెప్పిరి. వానిలో అర్చావతారము మిక్కిలి సులభము. పరమపదము కంటికి అందదు. విభవావతారములు గడచిన యుగములవి. అర్చామూర్తి మాత్రము మన యెదుట, మన కాలమున, మన చూపునకు అందునట్లు నిలుచును. ప్రహ్లాదుడు తండ్రి చూపిన స్తంభముననే స్వామి కలడనెను. వేరొక చోటికి పోయి వెదకలేదు. రామదాసు తన యెదుటి గోడను విడిచిపెట్టలేదు.

భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పెను. భూమి, గాలి, నీరు, పావురము, తేనెటీగ, సాలెపురుగు, ఇవియన్నియు ఆయనకు గురువులే. చుట్టునున్న దానిని శ్రద్ధతో చూచువానికి ఉపదేశము కొదువ లేదని దాని భావము. ఆ గురువులలో ఒకడు బాణములు చేయు శిల్పి. ములికిని సరిచేయు పనిలో లీనమై, ప్రక్కనుండి రాజు మేళతాళములతో వెడలిపోయినను అతడు ఎరుగడు. గీతాచార్యుడును చంచలమైన మనస్సు ఎటు పరుగెత్తిన అటనుండి దానిని మరలించి తెచ్చుకొమ్మని బోధించెను. మనస్సు పారిపోవుట దోషము కాదు. దానిని మరల మరల తెచ్చుకొనుటయే సాధన.

అయినను రామదాసు ఒంటరి ధైర్యమును నమ్ముకొనలేదు. తన మాట స్వామి చెవికి చేరలేదని తోచినప్పుడు సీతమ్మను ఆశ్రయించి, ఏకాంతమున నా మాట చెప్పుమని వేడిన కీర్తన నేటికిని గాయకులు పాడుచున్నారు. జగన్మాత చేయు ఈ మధ్యవర్తిత్వమునే పురుషకారమని పెద్దలు చెప్పిరి. బాధను దాచుకొనక తల్లి వంటి వారితో చెప్పుకొనుటయు భక్తిలో భాగమే.

ఈ శ్రద్ధ ఆయన సంకెలలను తెంచలేదు. శిక్షను ఒక్క దినమైన తగ్గింపలేదు. ఈ విషయమును మరువరాదు. అది ఒక్క దినమును దాటించెను, మరుదినమును దాటించెను. చెర కీర్తనగా మారినది. తుదకు రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో తానీషాకు దర్శనమిచ్చి బాకీ చెల్లించి రసీదు పొందిరని, ప్రభువు పశ్చాత్తాపముతో రామదాసును విడిచిపెట్టెనని భక్తలోకము నమ్ముచున్నది. సీతారామకల్యాణమునకు ఆయన ముత్యాల తలంబ్రాలు పంపెననియు, ఆ మర్యాదయే నేటి ప్రభుత్వము వరకు సాగుచున్నదనియు చెప్పుదురు. 1687లో ఔరంగజేబు సేనలు గోలకొండను పట్టుకొన్నవి. బందీని చేసిన ప్రభువే బందీయై దౌలతాబాదు కోటకు పోయెను. రాజ్యము పోయినది, రామదాసు కీర్తనలు నిలిచినవి. తరువాతి శతాబ్దమున 1767లో జన్మించిన త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును భక్తితో స్మరించుకొనెను.

గృహస్థులకు బందీఖానా లేకపోవచ్చును గాని చింతలు లేని గృహము లేదు. అప్పు, అనారోగ్యము, బిడ్డల విషయమై భయము, ఆప్తుల వియోగము, ఇవి రాత్రివేళ గోడలవలె చుట్టుముట్టును. నేటి మనోవైద్యులు అట్టివారికి ఒక ఉపాయము చెప్పుచున్నారు. కంటికి కనబడు ఐదు వస్తువులను, తాకదగిన నాలుగింటిని, వినబడు మూడు ధ్వనులను, రెండు వాసనలను, ఒక రుచిని వరుసగా గుర్తింపుమందురు. చెదరిన మనస్సు దీనిచే ఉన్నచోటికి తిరిగివచ్చును. దేవాలయమునకు పోవువారికి ఇది క్రొత్త కాదు. కంటికి హారతి వెలుగు, చేతికి తులసీదళము, చెవికి ఘంటానాదము, ముక్కునకు కర్పూర పరిమళము, నాలుకకు తీర్థము. పెద్దలు పంచేంద్రియములను స్వామి యెదుట నిలుపు మార్గమును ఏనాడో ఏర్పరచిరి. తొందరలో మనమే తీర్థమును రుచి తెలియకుండ మ్రింగి వచ్చుచున్నాము.

ఇంటివద్ద సంధ్యాదీపము వెలిగించినప్పుడు కొంతసేపు ఆ వత్తిని, ఆ జ్వాల కదలికను మాత్రమే చూడవచ్చును. ఆలోచన ప్రక్కకు పోయినచో విసుగుకొనక మరల దీపము వద్దకు తెచ్చుకొనవలెను. కోపము వచ్చినచో రామదాసువలె దానికి కారణమును పేరుపెట్టి చెప్పుకొనవలెను. దుఃఖము దినములు గడచినను తగ్గక, నిద్రాహారములను హరించినచో, పెద్దలకు చెప్పుకొని వైద్యుని గూడ చూడవలెను. సీతమ్మ సాయము కోరిన భక్తుని మార్గమున అది సిగ్గుపడవలసిన విషయము కాదు.

కొందరు భక్తులు భద్రాద్రి కల్యాణమునకు గోటి తలంబ్రాలు సమర్పింతురు. వడ్లను రోకటితో దంచక, రామనామము జపించుచు ఒక్కొక్క గింజను గోటితో ఒలుతురు. గింజ విరుగరాదు గనుక చూపు దానిపైననే నిలుపవలెను. బస్తా యెంత యున్నదని చూచువానికి గుండె జారును. చేతనున్న గింజను చూచువానికి పని సాగును. రామదాసు తన పండ్రెండేండ్లను ఆ తీరుననే ఒలిచెనని భావింపవచ్చును. నేలకొండపల్లి మీదుగా పోవు యాత్రికులు ఆ మహనీయుని తలచి నమస్కరించి, ఆ ఒక్క గింజ పాఠమును గూడ మూటలో కట్టుకొని పోవుదురు గాక!