నికెలు గుట్టు విప్పిన సబాతియే

దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ పట్టణమున 1854 నవంబరు 5వ తేదీన పాల్ సబాతియే జన్మించెను. పారిస్‌లో చదివి, బెర్తెలో వద్ద పరిశోధించి, 1880లో డాక్టరు పట్టము నందెను. రెండేండ్లకు తులూజ్ చేరి, ముప్పదవ యేట అచట రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. తరువాత పారిస్ పిలిచినను ఆ యూరు విడువలేదు.

నికెలు కార్బన్ మోనాక్సైడుతో కలిసి, సులభముగా ఆవిరియగు ద్రవముగా మారునని 1890లో లుడ్విగ్ మాండ్, అతని సహచరులు ప్రకటించిరి. లోహము వాయువును తనలో చేర్చుకొనుట సబాతియేకు వింతగా తోచెను. ఇతర వాయువులును అట్లే కలియునా యని వెదుకసాగెను. ఇంతలో మువాసాన్, మురూ అను వారు అప్పుడే ఆక్సైడునుండి విడదీసిన నికెలుపై ఎసిటిలీనును పంపగా, అది ప్రజ్వరిల్లి బొగ్గు మిగిలెను. వెలువడిన వాయువు హైడ్రొజనే యని వారు తలచి ఊరకుండిరి.

1897లో సబాతియే, అతని సహకారియు క్రైస్తవ మతాచార్యుడునగు సాందెరాన్సు, ఎథిలీనుతో ప్రయోగము చేసి ఆ వాయువును శ్రద్ధగా పరీక్షించిరి. అందధికభాగము ఈథేను! విడిపోయిన హైడ్రొజను మిగిలిన ఎథిలీనుతో కలిసినదన్నమాట. కలిపినది నికెలు. 1901 నాటికి మొండిదని పేరొందిన బెంజీనును సైతము సుమారు 200 డిగ్రీల వేడిలో సైక్లోహెక్సేనుగా మార్చిరి.

ఇట్లేల జరుగును? లోహపు సన్నని రంధ్రములలో వాయువులు క్రిక్కిరియుటచేతనే యని పలువురనిరి. సబాతియే అంగీకరింపలేదు. ఒకే ఆల్కహాలు ఆవిరి రాగిపై ఆల్డిహైడును, హైడ్రొజనును ఇచ్చును. అల్యూమినాపై ఎథిలీనును, నీటిని ఇచ్చును. ఉత్తి క్రిక్కిరియుటే కారణమైనచో ఈ భేదమెక్కడిది? ఉత్ప్రేరకము క్షణకాలము నిలుచు సమ్మేళనముగా మారి, పని ముగించి, మరల తన రూపము పొందునని అతని వాదము. అయితే నికెలు హైడ్రొజనుల ఆ సమ్మేళనము అతని చేతికి చిక్కలేదు.

ద్రవరూప నూనెలను గట్టిపరచుటకు 1902లో పేటెంటు కోరినవాడు జర్మనీకి చెందిన నార్మన్. మన వంటయిండ్ల వనస్పతికి మూలమదియే. 1912లో సబాతియే గ్రిన్యార్‌తో కలిసి నోబెల్ బహుమానమందుకొనెను. సాందెరాన్సుకు అందు పాలు లేదు. ఆ పేరు మరుగుపడుట న్యాయము కాదు.

1941 ఆగస్టు 14వ తేదీన సబాతియే తులూజ్‌లోనే మరణించెను. 1960 దశకమున విల్కిన్‌సన్ బృందము రోడియము సంకీర్ణ సమ్మేళనమును ద్రావణమున కరిగించి హైడ్రొజనీకరణము సాగించెను. లోహముతో బంధము కట్టిన హైడ్రొజనును ఆ ద్రావణపు వర్ణపటములలో గుర్తించిరి.