మన విశాఖలో చదువుకున్న ఎస్వీఆర్

బడి మైదానంలో తెర కట్టి మాయాబజార్ వేసిన రాత్రి మా బ్యాచి వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళుతుంటే నేల మీద కూర్చున్న మాతోపాటు వెనక కుర్చీల్లో ఉన్న మాస్టార్లు కూడా కడుపుబ్బ నవ్వారు. అప్పటికి ఎస్.వి. రంగారావు గారు పోయి పదేళ్ళయింది. ఆయన మన ఊళ్ళోనే చదివారని నాకు చాలాకాలం తర్వాత గాని తెలియలేదు.

1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. హైస్కూలు చదువు మద్రాసులో సాగింది. 15 ఏళ్ళకే నాటకంలో వేషం కట్టారు. ఇంటర్మీడియట్ మన ఏవీఎన్ కాలేజీలో చదివారు. 1933లో మొదలైన ఓడరేవుకి ఇంకా కొత్తదనం పోని రోజులవి. తర్వాత కాకినాడ పి.ఆర్. కాలేజీలో బీయస్సీ. క్రికెట్, వాలీబాల్, టెన్నిస్ అన్నీ ఆడేవారు. కాకినాడలో ఆయన నాటకాలాడిన సంఘం పేరు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్. అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి కూడా అక్కడివారే. పేరుకి తగ్గట్టు సరదా మనుషులంతా ఒకచోట చేరారన్నమాట.

చదువయ్యాక బందరులో, విజయనగరంలో ఫైర్ ఆఫీసరుగా పనిచేశారు. నటన మీద మనసుతో ఆ ఉద్యోగం వదిలేశారు. తొలి సినిమా వరూధిని ఆడలేదు. వేరే అవకాశాలు రాక జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. 1947 డిసెంబరులో లీలావతి గారితో పెళ్ళయింది. ఉక్కునగరంలో జీతం తీసుకున్న మనిషిగా నాకు ఈ ఘట్టం దగ్గరగా అనిపిస్తుంది. కంపెనీ ఉద్యోగం, నెలనెలా జీతం, కొత్త కాపురం. అవన్నీ వదిలి ఓడిన చోటికే మళ్ళీ వెళ్ళడం ఎంతమందికి చేతనవుతుంది?

ఆయన వెళ్ళారు. సరిగ్గా బయల్దేరే వేళకి తండ్రి పోయారు. కర్మకాండ ముగించుకుని మద్రాసు చేరేసరికి పల్లెటూరి పిల్లలో ఆయనకనుకున్న ప్రధాన వేషం మరొకరికి వెళ్ళిపోయింది. ఆ సినిమాలోనే చిన్న వేషంతో సరిపెట్టుకున్నారు. 1951లో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు కావడంతో ఇక వెనక్కి చూసే పని లేకపోయింది. 1957లో ఘటోత్కచుడు, 1963లో నర్తనశాలలో కీచకుడు. ఆ కీచకుడికి జకార్తా ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి దక్కింది.

తెర మీద గద పట్టిన మనిషి ఇంట్లో ఇద్దరు కూతుళ్ళకీ ఒక కొడుక్కీ నాన్న. పెద్ద జాతి కుక్కలను ముద్దుగా పెంచేవారు. వేటంటే మహా సరదా. తర్వాత దాన్ని మానుకున్నారు. కథలు కూడా రాశారు. వాటిలో ఒకదాని పేరు వేట. సొంతంగా దర్శకత్వం వహించినప్పుడు రాక్షసుల జోలికి పోలేదు. చదరంగం, బాంధవ్యాలు రెండూ కుటుంబ కథలే.

లోపాలు లేని మనిషని చెప్పను. మద్యం అలవాటుంది. ఆ కారణంగా మాటలూ పడ్డారు. 1974లో ఒకసారి గుండెపోటు వచ్చి కోలుకున్నారు. ఆ జూలై 18న మద్రాసులో మరోసారి వచ్చింది. అంతే. పుట్టినరోజు వెళ్ళి పదిహేను రోజులే అయింది. 56 ఏళ్ళు.

నాకు ఇప్పుడు సరిగ్గా అదే వయసు. అంత పెద్ద వేషాలు వేసి, అంత నవ్వించిన మనిషిని చిన్నప్పుడు ముసలాయన అనుకునేవాణ్ణి. ఈ ఏడాది ఆ లెక్క చూసుకుని ఉలిక్కిపడ్డాను. షిఫ్టుల పేరు చెప్పి నేను ఆటలు మానేసి 20 ఏళ్ళయింది. పిల్లలు ఎదిగింది సగం నిద్రకళ్ళతోనే చూశాను. ఆయనకి దొరకని ఏళ్ళు మనకి దొరుకుతున్నాయి. వాటిని ఏం చేస్తున్నాం?

ఉత్సవాలకి వచ్చే మిత్రులకి ఒక మనవి. రెండోరోజు తెల్లవారి 6 గంటలకి ఆర్కే బీచ్‌లో వాలీబాల్ నెట్ కడుతున్నాను. ఇంటిల్లిపాదినీ తీసుకురండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు స్కోరు రాద్దురుగాని. లడ్డూలు నేను తెస్తాను.