డాక్టరు గోవిందప్ప వేంకటస్వామి

డాక్టరు వేంకటస్వామిగారు 1918లో తమిళనాట వడమలాపురమను పల్లెలో రైతు కుటుంబమున జన్మించిరి. ప్రసూతి వైద్యము చేయదలచిన వారికి ముప్పదియేండ్ల ప్రాయముననే కీళ్లవాతము సోకి వ్రేళ్లు వంకరవోయినవి. ఆ వ్రేళ్లతోనే కత్తి పట్టుట అభ్యసించి నేత్రవైద్యులై, లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసిరి. ఇది సామాన్యమా!

1976లో ఉద్యోగ విరమణానంతరము, తోబుట్టువుల తోడ్పాటుతో మదురైలో 11 పడకల అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి. ఇయ్యగలవారి రుసుముతోనే ఇయ్యలేనివారికిని శుక్లము తీయుట అచటి పద్ధతి. ఒకరికి చికిత్స ముగియునంతలో ప్రక్కబల్లపై మఱియొకరు సిద్ధముగా నుందురు. కాలము వృథాగాదు, వ్యయము తగ్గును.

అయినను ఒక చిక్కు మిగిలెను. శుక్లము తీసి కంటిలో అమర్చు కటకము విదేశములనుండి రావలసినదే. వెల సుమారు 100 డాలర్లు. బీదలకు దళసరి కళ్లద్దములే గతి. 1992లో ఆరోల్యాబు సంస్థ నేర్పడి, కటకములు మదురైలోనే తయారగుటతో, వెల సుమారు 10 డాలర్లకు దిగెను. పల్లెలనుండి వచ్చిన ముదుసళ్లకును అవియే అమర్చిరి. వారు 2006లో కీర్తిశేషులైరి.